ఖమైస్ బండి పొద్దున్నే ఎందుకు పట్టేసింది?

ప్రైవేట్ డిటెక్టివ్ గర్గూరి ఆఫీసు అప్పుడే తెరిచారు. లమీన్ తలుపు తోసుకుని వచ్చాడు. స్ఫాక్స్ ఊళ్లో ముప్ఫై ఏళ్లుగా మోటార్ సైకిళ్లు బాగుచేస్తున్న మనిషి. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"తనను నేను చంపబోయానంటున్నాడయ్యా! ఎవడో దారినపోయేవాడు కాదు, ఖమైస్. ఒకే కంచంలో తిన్నవాళ్లం."

ఖమైస్ ఆలివ్ గానుగలో నూనె రుచి చూసి మంచిచెడ్డలు తేల్చే మనిషి. మూడు వారాల కిందట, మంచులాంటి చలి పొద్దున, తన పాత బండి మీద గానుగకు బయలుదేరాడు. మలుపులో చేయి వదిలినా యాక్సిలరేటర్ వెనక్కి రాలేదు. బండి గోడకు గుద్దుకుంది, ఎడమ చేయి విరిగింది. లమీన్ కొంటానంటే బండి అమ్మనన్నాననే కక్షతో అతనే యాక్సిలరేటర్ కేబుల్ పాడుచేశాడని ఖమైస్ బజారంతా చాటాడు. రేపు పోలీసులకు ఫిర్యాదు ఇస్తాడట.

"ఒక్కడు కూడా నా కొట్టుకి బండి తేవట్లేదు. రేపు కాగితం ఇచ్చాడంటే కొట్టు మూసుకోవడమే," అన్నాడు లమీన్.

"పడ్డాక బండి చూశావా?"

"ఆ మధ్యాహ్నమే చూశాను. యాక్సిలరేటర్ పిడి వెన్నలా తిరిగింది. అదే నాకు అంతుపట్టట్లేదు."

"కేబుల్‌లో ఏం పోస్తావు?"

"ఇంజనాయిలు. మొన్న వేసవిలో పోశాను."

గర్గూరి ఇక ఏమీ అడగలేదు. పదకొండేళ్లుగా ఆయన దగ్గర పనిచేస్తున్న మబ్రూకాకు ఆ మౌనం తెలుసు. ఆయనకు దారం కొస దొరికిందన్నమాట. తనకు మాత్రం ఎప్పటిలాగే ఏమీ దొరకలేదు.

ఖమైస్ ఇంటి ముంగిట్లో ఎండ పడుతోంది. బండి గోడకు ఆనించి ఉంది. ఖమైస్ మేనల్లుడు అనీస్ కరెంటు పనివాడు, నడుముకు స్క్రూడ్రైవర్ల సంచితో పనికి బయలుదేరుతున్నాడు.

"ఈ బండి మీద నీకూ ఆశ ఉందటగా?" అన్నాడు గర్గూరి.

"ఎందుకుండదు? మామ నాకిస్తాడా! పెళ్లామైనా దీని తర్వాతే," అని నవ్వాడు అనీస్.

ఖమైస్ నవ్వలేదు. జేబులోంచి చిన్న చాకు తీసి, నారింజతో పాటు మబ్రూకాకు ఇచ్చాడు. "నాకు చెయ్యి ఒకటే కదా, మీరే కోసుకోండి చెల్లెమ్మా." చాకు మొన విరిగి ఉంది. తొక్కలో దిగడానికి ఆమె గట్టిగా నొక్కవలసి వచ్చింది.

గర్గూరి యాక్సిలరేటర్ తిప్పి వదిలాడు. టక్కున వెనక్కి వచ్చింది. పిడి దగ్గరున్న రెండు స్క్రూల గాట్లు నలిగి, చితికి ఉన్నాయి.

"ఈ మధ్య ఈ పిడి ఎవరు విప్పారు?"

"ఇంకెవరు, ఆ లమీనే. నేను తుడవడం తప్ప చెయ్యి పెట్టను," అన్నాడు ఖమైస్.

గర్గూరి కేబుల్ ఊడదీసి, వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని, జేబురుమాలుకు తుడుచుకుని, కేబుల్‌ను తన వెంట తీసుకెళ్లాడు.

మర్నాడు పొద్దున బజారులోని కాఫీ దుకాణానికి ముగ్గురినీ పిలిపించాడు. బజారు వాళ్లు పిలవకుండానే వచ్చారు. బల్ల మీద, చేపల కొట్టు నుంచి తెచ్చిన మంచుగడ్డల పళ్లెంలో కేబుల్ చుట్ట పెట్టి ఉంది.

"లాగు అనీస్."

అనీస్ తీగ కొస పట్టుకుని లాగాడు. కష్టంగా కదిలి ఎక్కడికక్కడ నిలిచిపోయింది. గర్గూరి దాన్ని కాఫీ కెటిల్ పక్కన కాసేపు ఉంచి మళ్లీ ఇచ్చాడు. ఈసారి సర్రున జారింది.

"చలికి నెయ్యి పేరుకున్నట్టు ఇందులో నూనె పేరుకుంటోంది. పొద్దున్నే బిగుస్తుంది, ఎండెక్కితే వదులుతుంది. అందుకే లమీన్‌కు మధ్యాహ్నం తప్పు దొరకలేదు. ఇది ఇంజనాయిలు కాదు, పచ్చి ఆలివ్ నూనె."

"ఆలివ్ నూనె ఈ ఊళ్లో ఎవరింట్లో లేదయ్యా?" అన్నారు ఎవరో.

"నిజమే. కానీ ఆ స్క్రూలను చాకుతో కుళ్లబొడిచి విప్పారు. లమీన్ దగ్గర పనిముట్లకు కొదవా? అనీస్ నడుముకే కట్టుకు తిరుగుతాడు. చాకు తప్ప గతిలేనివాడు ఒక్కడే. మొన విరిగిన చాకు వాడి జేబులోనే ఉంది."

మబ్రూకా తన చేతుల వంక చూసుకుంది. ఆ చాకును తానే పట్టుకుంది, పండు కోసుకుని తిన్నది.

ఖమైస్ లమీన్ వైపు చూడకుండానే చెప్పాడు. "కేబుల్ కిర్రుమంటుంటే నా నూనే రెండు చుక్కలు పోశాను. వద్దని నువ్వు ఏటా చెబుతూనే ఉన్నావు. పడగానే జనం మూగి, బండి బాగుచేసేదెవరు అన్నారు. నూనె సంగతి తెలిస్తే ఊరంతా నవ్వుతుంది. నీ పేరు నోటికొచ్చేసింది."

"నోటికొచ్చింది ఒక్కసారి," అన్నాడు లమీన్. "మూడు వారాలు రోజూ చెప్పావు కదరా. నా కొట్టు ముందు నిలబడి కూడా చెప్పావు."

కేబుల్ తీసుకుని బయటికి నడిచాడు. ఖమైస్ ఇంటి వాకిట్లోనే దాన్ని పెట్రోలుతో కడిగి, ఆరబెట్టి, ఇంజనాయిలు దించి బిగించాడు. హ్యాండిల్ కుడికీ ఎడమకీ పూర్తిగా తిప్పి చూశాడు. రెండువైపులా వదలగానే వెనక్కి వచ్చింది. చేతులు తుడుచుకుని లేచాడు.

"సాయంత్రం కొట్టుకి వస్తాను. టీ తాగుదాం," అన్నాడు ఖమైస్ నెమ్మదిగా.

"బండి పాడైతే అనీస్‌తో పంపు, బాగుచేస్తాను. నువ్వు మాత్రం రాకు."