లోపలి గడియ

పొద్దున్నే ఆ ఇంట్లో స్నానాలగదిలోంచి బస్సు స్టాపుల పేర్లు వినిపిస్తాయి.

"మార్కెట్. మార్కెట్ దిగేవాళ్ళు ముందుకు రావాలి. తర్వాతది ఆస్పత్రి. ఆ తర్వాత రైలు గేటు."

లోపల ఉన్నది ఆ ఇంటి ఇల్లాలు. సిటీ బస్సులో కండక్టరు. ఆమెకు పాటలు రావు, ఉత్తినే దగ్గుతూ కూర్చోవడం నచ్చదు, అందుకని నోటికి అలవాటైన స్టాపులన్నీ వరసగా అప్పజెప్పేస్తుంది. ఆమె వదినగారు, అంటే ఇంటాయన అక్కగారైతే లోపలికి అడుగుపెట్టిన దగ్గర్నుంచీ ముక్కుతో ఏదో రాగం తీస్తూనే ఉంటుంది. లోపల మనిషి ఉన్నట్టు బయటివాళ్ళకు తెలియాలిగా మరి. ఆ ఇంట్లో స్నానాలగదికి గడియ లేదు. పడగ్గదులకూ లేదు. విడ్డూరం ఏమిటంటే, ఇంటాయన తాళాలు బిగించే మనిషి.

ఊళ్ళో సగం తలుపులు ఆయన చేతిమీదుగా వెళ్ళినవే. అందరూ తాళాలాయన అంటారు. ఇంటి ముందుగదే ఆయన కొట్టు. అలాంటి మనిషి ఒకరోజు స్క్రూడ్రైవర్ పట్టుకుని తన ఇంట్లో గడియలన్నీ ఊడబీకాడు. వీధివాళ్ళు కొన్నాళ్ళు నవ్వుకున్నారు. కారణం తెలిశాక నవ్వడం మానేశారు.

కారణం ఆయన ఒక్కగానొక్క కూతురు. ఇరవై దాటిన పిల్ల. చిన్నప్పుడు ఒకచోట కుదురుగా ఉండేది కాదని పిచ్చుక అని పిలిచేవారు. కిందటేడాది వరకూ ఆ అమ్మాయి ఒక మందుల షాపులో పనిచేసేది. ఒక సాయంత్రం ఇద్దరు దొంగలు వెనక తలుపులోంచి లోపలికొచ్చారు. వాళ్ళ చేతుల్లో కత్తులున్నాయి. షాపు యజమాని, తెల్లజుట్టు పెద్దాయన, పిచ్చుకకు అడ్డం నిలబడ్డాడు. పిల్ల బతికింది. ఆయన బతకలేదు.

ఆ తర్వాత పిచ్చుక నిద్రపోవడం మర్చిపోయింది. నిద్ర కోసమని మొదట కొంచెం తాగింది. కొంచెం పనిచేయకపోతే ఇంకొంచెం. చూస్తూ చూస్తూ ఉండగానే సీసా లేనిదే పడుకోలేని స్థితికొచ్చింది. ఒకరోజు గది గడియ పెట్టుకుని లోపల పడిపోయింది. ఎంత పిలిచినా పలకలేదు. ఎవరి ఇంటి తాళాన్నయినా మాట్లాడుతూనే తీసేసే మనిషి, బయటివైపు తాళంచెవి రంధ్రమైనా లేని ఆ గడియ ముందు చేతులాడక, భుజంతో తలుపు పగలగొట్టాడు. ఆస్పత్రివాళ్ళు సమయానికి తెచ్చారన్నారు. ఆ సాయంత్రమే ఇంట్లో గడియలు పోయాయి.

కిందటి వారం ఆయన ఇంకో పని చేశాడు. కూతురి సీసాలన్నీ వెతికి తూములో పారబోశాడు. మర్నాటికి పిల్ల ఒళ్ళంతా వణికిపోయి, కళ్ళు తేలేసింది. మళ్ళీ ఆస్పత్రి. డాక్టరు ఆయన్ని గట్టిగానే మందలించాడు. ఇంత అలవాటైన ఒంటికి ఉన్నట్టుండి ఆపేస్తే ప్రాణం మీదకొస్తుందని, తాము చూసుకుంటూ మెల్లగా తగ్గించాలని చెప్పాడు. రోగుల మనసులో బాధ విని సలహాలిచ్చే కౌన్సిలరొకావిడ అక్కడే ఉందని, ఆవిడ అమ్మాయితో మాట్లాడుతూ ఉంటుందని కూడా చెప్పాడు. తాళాలాయనకు ఆ మాట రుచించలేదు. తగ్గించడమేమిటి, మానాలి గానీ అని ఆయన పట్టు. ఊరి చివర తాగుడు మానిపించే ఇల్లొకటి ఉంది. ఈ మధ్యాహ్నం పిచ్చుకను తీసుకెళ్ళడానికి అక్కణ్ణుంచి వ్యాను వస్తుంది. ఒకసారి లోపలికెళితే ఆరునెలలు బయటికి రానివ్వరు.

"ఒరేయ్, ఆ ఇంటి సంగతి నీకు బాగా తెలుసా?" టీ తాగుతూ అడిగింది అక్కగారు.

"తెలియకేం అక్కా. అక్కడి తాళాలు వేసింది నేనేగా. అన్నీ బయటివైపే. లోపల్నుంచి ఒక్కటీ రాదు."

భరోసాగా ఉంటుందనే ఆ మాట అన్నాడు పాపం. అక్కగారు గ్లాసు కింద పెట్టేసింది. పిచ్చుక రెండు చేతులతో టీ గ్లాసు పట్టుకుని నేలవైపు చూస్తోంది.

"ఏమంటావే?" పిచ్చుకను అడిగింది ఆ మేనత్తే.

"ఏమంటాను అత్తా. సరే."

ఆ 'సరే' వినగానే వాళ్ళమ్మకు భయమేసింది. ఎదురుతిరిగే పిల్ల సరే అన్నదంటే ఆశ వదిలేసుకున్నట్టే. ఆమె డ్యూటీకని బయల్దేరి, డిపోలో సెలవు చెప్పి, అక్కడి నుంచే కౌన్సిలరుకు ఫోన్ చేసింది. మొగుడికి చెప్పకుండా ఆమె చేసిన మొదటి పని అదే కావచ్చు.

ఎండ ఎక్కే వేళకు కౌన్సిలరును వెంటబెట్టుకుని వచ్చేసింది. నలభై ఏళ్ళ మనిషి, చేతిలో గొడుగు, చెప్పులకు బురద. తాళాలాయన మొహం ముడుచుకున్నా కుర్చీ వేశాడు.

"ముందు కాళ్ళు కడుక్కోవాలండీ," అంది ఆవిడ.

"అటువైపు అమ్మా. తలుపు దగ్గరగా వేసుకో, గడియ లేదు. ఏదో ఒక పాట పాడుతూ ఉండు, లేకపోతే ఎవరో ఒకరు తోసుకొచ్చేస్తారు," అంది మేనత్త, రోజూ చెప్పే మాటలాగే.

కాసేపటికి లోపల్నుంచి ఏడో ఎక్కం వినిపించింది. మేనత్త ఫక్కున నవ్వింది. పిచ్చుక పెదవి కూడా కొద్దిగా కదిలింది. ఎన్నాళ్ళకో కదిలిన ఆ పెదవిని వాళ్ళమ్మ కళ్ళప్పగించి చూసింది.

ఆవిడ బయటికొచ్చి కూర్చుంది గానీ నవ్వలేదు. పిచ్చుక వైపు తిరిగి అడిగింది.

"నీ గదికి కూడా లేదా?"

"లేదు."

"మరి నిద్ర ఎలా పడుతోంది?"

"దాని గదికి గడియ ఉంటే ప్రమాదమండీ," తాళాలాయన అందుకున్నాడు. "మొన్నామధ్య తలుపు పగలగొట్టాల్సొచ్చింది. ఇంకో పావుగంట ఆలస్యమైతే..."

"తననే చెప్పనివ్వండి."

పిచ్చుక మెల్లగా, ఎవరి మొహమూ చూడకుండా మొదలుపెట్టింది.

"నిద్ర పట్టదు. తలుపుకి కుర్చీ అడ్డం పెడతాను. ఆ కుర్చీ ఎవరు తోసినా జరిగిపోతుందని నాకు తెలుసు. అందుకని చెవులు రిక్కించి వింటూ కూర్చుంటాను. గాలికి తలుపు కదిలినా లేచి నిలబడతాను. వినడం ఆగేదాకా తాగుతాను. అంతే. నాకు దాని రుచి కూడా ఇష్టం లేదు."

"ఈ మాట నాకెందుకు చెప్పలేదు?" తాళాలాయన గొంతు పెరిగింది. "గడియ కావాలని ఒక్క ముక్క అడిగితే ఏం? నేనేం పరాయివాణ్ణా? నీ మీద కోపంతో తీశాననుకున్నావా? నా కూతురు నా ఇంట్లో, నా కళ్ళముందు, తలుపు అవతల చచ్చిపోకూడదని తీశాను."

"నిన్నెలా అడగను నాన్నా?" పిచ్చుక లేచి నిలబడింది. "గడియ గురించి నిన్నెలా అడగను? ఆ రోజు షాపు వెనక తలుపుకి గడియ పెట్టాల్సింది నేను. ఉక్కగా ఉందని తీశాను. మళ్ళీ పెట్టడం మర్చిపోయాను. తాళాలాయన కూతుర్ని, గడియ పెట్టడం మర్చిపోయాను. పెద్దాయన నా మూలంగా పోయారు. ఈ సంగతి నీకు తెలిస్తే నా మొహం చూస్తావా?"

అప్పటిదాకా ఆ ఇంట్లో షాపు మాటే ఎత్తకూడదని పెద్దవాళ్ళు ముగ్గురూ ఒట్టు పెట్టుకుని ఉన్నారు. పిల్లకు గుర్తొస్తుందని. గుర్తు రాకపోవడమంటూ ఎప్పుడైనా ఉందా ఏమిటి. పిల్ల తలలో ఏముందో తెలియకుండా దాదాపు ఏడాదిపాటు ఆ చుట్టూ ముగ్గురూ మునివేళ్ళ మీద నడిచారు.

తాళాలాయన గిరుక్కున తిరిగి కొట్టులోకి వెళ్ళిపోయాడు. సొరుగులు లాగిన చప్పుడు, ఇనుప సామాను కిందపడిన చప్పుడు. కోపమొచ్చిందనే అనుకున్నారంతా. పిచ్చుక మొహం పాలిపోయింది.

ఆయన ఒక చేత్తో కొత్త గడియ, ఇంకో చేత్తో స్క్రూడ్రైవరూ పట్టుకుని తిరిగొచ్చాడు. తిన్నగా కూతురి గది తలుపు దగ్గరికెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆయనకు చేతులు పనిలో ఉంటే తప్ప మనసులో మాట బయటికి రాదు.

"ఆ వెనక తలుపు నేను చూశానమ్మా. పెద్దాయన పోయాక షాపువాళ్ళు నన్నే పిలిచారు మార్చమని. పుచ్చిపోయిన చెక్క. నువ్వు గడియ పెట్టినా వాళ్ళు ఒక్క తన్నుతో లోపలికొచ్చేవాళ్ళు. పెట్టలేదు కాబట్టి తన్నకుండా వచ్చారు. అంతే తేడా." ఇంకో స్క్రూ అందుకున్నాడు. "నలభై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను. కొనుక్కునేవాళ్ళకు చెప్పని మాట ఒకటి చెప్తాను, బయట అనకండి, నా కొట్టు మూతపడుతుంది. గడియ అన్నది మంచివాళ్ళకే. లోపల మనిషుంది, అడిగి రా అని చెప్పడానికి. చంపడానికి వచ్చినవాణ్ణి ఏ గడియా ఆపదు. ఆయన్ని చంపింది వాళ్ళు. నువ్వు కాదు. నా బంగారుతల్లివి నువ్వు, ఎలా మోశావే ఇన్నాళ్ళూ ఒక్కదానివీ?"

పిచ్చుక ఆయన పక్కనే నేలమీద కూలబడి, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. తాళాలాయన స్క్రూడ్రైవరు వదిలేశాడు. కళ్ళు కనిపించడం లేదు ఆయనకు.

తర్వాత కౌన్సిలరు చెప్పాల్సింది చెప్పింది. రోజుకెంత తాగాలో, వారానికెంత తగ్గించాలో డాక్టరుతో కూర్చుని పిచ్చుకే నిర్ణయించుకోవాలి. సీసా వంటింట్లో అందరికీ కనపడేలా ఉండాలి. ఎవరూ పారబోయకూడదు, ఎవరూ దానివంక గుడ్లురిమి చూడకూడదు. ఒకరోజు ఎక్కువైతే దాచుకోకుండా చెప్పాలి, చెప్పినప్పుడు ఎవరూ తిట్టకూడదు. షాపు గురించి మాట్లాడే పనీ దీనితోపాటే నడవాలి, ఎందుకంటే రెండూ ఒకే ముడి.

"తిట్టకుండా ఉండటం మా ఇంట్లో కొంచెం కష్టమే," అంది మేనత్త కళ్ళు తుడుచుకుంటూ. "ప్రయత్నిస్తాం."

అంతలో వీధిలో హారన్ మోగింది. వ్యాను. తాళాలాయన కంగారుగా లేవబోతే భార్య చెయ్యడ్డం పెట్టింది. గుమ్మంలోకెళ్ళి, బస్సంతా వినపడే తన డ్యూటీ గొంతుతో చెప్పింది.

"ఇక్కడ ఎక్కేవాళ్ళు ఎవరూ లేరు. పోనివ్వండి."

తాళాలాయన బిగించిన గడియ మామూలుది కాదు. లోపల్నుంచి వేసుకోవచ్చు. ప్రాణాపాయమొస్తే బయట్నుంచి ఒక సన్నటి తాళంచెవితో తీయొచ్చు. అలాంటి చెవి ఒక్కటే చేశాడు. దాన్ని కూతురి అరచేతిలో పెట్టాడు.

"ఇది నీ దగ్గరే ఉండనీ. నీకు ఇవ్వాలనిపించినవాళ్ళకి, ఇవ్వాలనిపించినప్పుడు ఇవ్వు."

ఆ మాట అనడానికి ఆ తండ్రికి ఎంత కష్టమైందో, గడియ పడిన ప్రతిసారీ గుమ్మం బయట నిలబడిపోయిన ఆ కాళ్ళకే తెలియాలి. అయినా తలుపు కొట్టలేదు.

అన్నీ ఒక్కసారిగా చక్కబడలేదు. నిద్ర మొదట ముక్కలుముక్కలుగా వచ్చింది. గ్లాసు చిన్నదైంది, తర్వాత సగమైంది, మధ్యలో పెద్దాయన పోయిన రోజు తిరిగొచ్చి మళ్ళీ నిండింది. మర్నాడు పిచ్చుకే టీ దగ్గర చెప్పింది, నిన్న ఎక్కువైందని. మేనత్త నోరు తెరిచి, గుర్తుతెచ్చుకుని, మూసుకుని, రొట్టె ముక్క ముందుకు తోసింది. ఆ వారమే పిచ్చుక తన తల్లి పనిచేసే బస్సెక్కి పెద్దాయన భార్యను చూడ్డానికి వెళ్ళింది. ఆవిడ పిల్లను గుమ్మంలోనే వాటేసుకుని, "నువ్వైనా మిగిలావు, ఆయన పని వృథా కాలేదు," అందట. ఇంటికొచ్చి ఆ మాట చెబుతూ పిచ్చుక ఏడ్చింది, కానీ ఆ రోజు గ్లాసు తీయలేదు.

గాలి చల్లబడిన కాలంలో ఒక పొద్దున తాళాలాయన కొట్టు తెరిచి తాళంచెవులు ఆకురాయితో రుద్దుతున్నాడు. స్నానాలగదికి ఎప్పుడో గడియ వచ్చేసినా, లోపల్నుంచి మార్కెట్, ఆస్పత్రి వినిపిస్తూనే ఉన్నాయి. అలవాటు పోలేదు. కూతురి గది గడియ తీసిన చప్పుడైంది. పిచ్చుక జుట్టు ముడేసుకుంటూ వచ్చింది. నిండా నిద్రపోయిన మొహం.

సన్నటి తాళంచెవిని ఆయన ముందు బల్లమీద పెట్టింది.

"ఇది నీ దగ్గర ఉంచు నాన్నా. ముందు తలుపు కొట్టు. నేను పలక్కపోతే తియ్యి."

ఊళ్ళోవాళ్ళ తాళంచెవులన్నీ గోడమేకులకు తగిలించే మనిషి, ఆ ఒక్కదాన్నీ చొక్కా జేబులో వేసుకున్నాడు. మళ్ళీ ఆకురాయి అందుకున్నాడు.

పిచ్చుక వెళ్ళబోయి గుమ్మం దగ్గర ఆగింది.

"నాన్నా."

"ఊఁ."

"ఆ రోజు తలుపు పగలగొట్టావు చూడు. మంచి పని చేశావని నీకెప్పుడూ చెప్పలేదు."

తాళాలాయన తల ఎత్తలేదు. జేబు మీద చెయ్యి వేసి, తాళంచెవి అక్కడే ఉందని తడిమి చూసుకున్నాడు.