కళ్ళం మీద మబ్బు

పొద్దున్నే వాకిట్లో కళ్ళాపి చల్లి, చీపురు గోడకు ఆనించి, హనుమాయమ్మ పడమటి దిక్కు చూసింది. ఆకాశం తేటగానే ఉంది. ఆ మాట చెప్పడానికి పక్కన ఎవరూ లేరు.

పోయిన ఏడాది వరకూ మిరప కోతలప్పుడు ఆ వాకిలి ఇంత ఖాళీగా ఉండేది కాదు. కారంపూడికి దగ్గర్లోని ఆ ఊళ్ళో అందరివీ చిన్న కమతాలే. కాయ కోసి కళ్ళంలో పరిచాక అది ఎండి సంచుల్లోకి ఎక్కేదాకా ఎవరికీ కంటి మీద కునుకుండదు. "అత్తా, ఇయ్యాల కాయ పరవమంటావా?" అని ఒకరు, "వదినా, పట్టా కప్పి పోవాల్నా?" అని ఒకరు పొద్దున్నే వచ్చి అడిగేవాళ్ళు. హనుమాయమ్మ గాలి చూసి, మబ్బు చూసి చెప్పేది. ఆమె చెప్పాక ఇంకొకరిని అడిగేవాళ్ళు కాదు.

పోయిన మార్చిలో ఆమె "వాన లేదు, పరుచుకోండి" అంది. మధ్యాహ్నం దాటాక ఎటునుంచి వచ్చిందో వాన, కళ్ళాలన్నీ మడుగులయ్యాయి. ఎర్రటి కాయలు నీళ్ళ మీద తేలుతుంటే, ఆమెతో పాటే ఆ ఊరికి కాపురానికొచ్చిన వీరరాఘవమ్మ అందరి ముందూ, "నీ మాట నమ్మినందుకు నాకు బాగానే అయింది వదినా" అంది. మర్నాటి నుంచి ఎవరూ రాలేదు. ఇంట్లోనూ ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. కొడుకు ఫణీంద్ర తల వంచుకుని నాలుగు ముద్దలు తిని పొలం వెళ్ళేవాడు. కోడలు రోహిణి టీ గ్లాసు పక్కన పెట్టి తన పనిలోకి పోయేది.

ఈ ఏడు ఆడవాళ్ళు మళ్ళీ ఆ ఇంటి ముందు ఆగుతున్నారు. రోహిణి కోసం.

కాలం తప్పి కురుస్తున్న వానల నుంచి కోసిన పంటను కాపాడుకోవడం చిన్న రైతులకు నేర్పే సంస్థ ఒకటి రోహిణిని ఆ ఊరికి కార్యకర్తగా పెట్టుకుంది. సంస్థ వాళ్ళు కళ్ళాల దగ్గర పాలిథిన్ గుడారం ఒకటి వేయించారు. లోపల వరసలు వరసలుగా వల తట్టలు, పక్కల పైకి చుట్టుకునే తెరలు. నేల తగలకుండా, వాన తడపకుండా కాయ అందులో ఆరుతుంది. వాన కబురు రోహిణి ఫోనుకు వస్తుంది.

"రోహిణీ, ఫోను ఏమంటంది?" వీరరాఘవమ్మ రోడ్డు మీద నుంచే అడిగింది.

"ఇయ్యాలకి ఏం లేదు పిన్నీ."

వీరరాఘవమ్మ హనుమాయమ్మ వైపు తిరిగి, "బాగుండావా వదినా" అంది. జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర రోహిణి అడిగింది. "అత్తయ్యా, మన రెండో కోత కాయ గుడారంలో వేద్దామా? ఊళ్ళో అందరికీ చెప్పి మన కాయ నేల మీద ఆరబోసుకుంటే నన్నేమనుకుంటారు?"

"మన కాయ ఎండకే ఆరుద్ది. మీ మావయ్య ఉన్నప్పటి నుంచీ అట్టనే ఆరతంది."

"అప్పటి ఎండలు కావత్తయ్యా ఇవి. మాఘంలో వాన, ఫాల్గుణంలో వాన. కింద చెమ్మకే బూజు పడతంది. ఆ కాయ తిన్నవాళ్ళకి కూడా మంచిది కాదు."

"ఏందమ్మాయ్, నాకు కాయ ఎండబెట్టటం నేర్పతన్నావా? నువ్వు పుట్టకముందు నుంచీ ఈ కళ్ళాల్లోనే ఉండా."

రోహిణి కలుపుతున్న అన్నం వదిలేసింది. "ఉన్నారు. ఊరంతా మీ మాట విన్నది. పోయిన ఏడు ఎవరి మాట విని కాయ నీళ్ళపాలు చేసుకున్నారో అది కూడా ఊరందరికీ తెలుసు."

ఫణీంద్ర తల ఎత్తాడు. ఏదైనా అంటాడని హనుమాయమ్మ చూసింది. అతను మజ్జిగ చెంబు దగ్గరకు లాక్కున్నాడు. ఆమె కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచింది.

ఆ రోజు నుంచి పగలంతా కళ్ళంలోనే ఉండిపోయింది. క్యారేజీలో అన్నం తెచ్చుకుని వేపచెట్టు కింద ఒక్కతే తినేది. ఇంట్లో ఆ మాట ఎవరైనా ఎత్తితే బాగుండునని ఏడాదిగా అనుకుంది. ఎత్తితే ఇలా ఉంటుందని అనుకోలేదు. కాస్త దూరంలో గుడారం దగ్గర ఆడవాళ్ళ నవ్వులు వినపడేవి. ఆమె కాయలు తిరగదోస్తూ, ఎవరూ లేని చోట, "ఇటు పక్క ఇంకా పచ్చిగానే ఉంది" అని పైకే అనుకునేది.

ఆ వారంలోనే రోహిణి ఫోనుకు గట్టి వాన కబురొచ్చింది. రోహిణి ఇల్లిల్లూ తిరిగింది. కళ్ళాల్లో సగం ఎండిన కాయంతా గుడారంలోకి మోయించింది. తట్టల్లో పట్టకపోతే మందంగా పోయించింది. జల్లు కొట్టకుండా తెరలన్నీ దించి తాళ్ళు కట్టించింది. హనుమాయమ్మ మాత్రం తన కాయ కుప్ప చేసి, పట్టా కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టుకుంది.

గట్టి వాన రాలేదు. సన్నటి తుంపర పడీ పడనట్టు పడింది. మబ్బు మాత్రం మూడు రోజులు కదలకుండా కూర్చుంది. ఎండ లేదు, గాలి లేదు. ఇప్పుడో ఇంకాసేపటికో గట్టిగా పడుతుందని రోహిణి తెరలు ఎత్తనివ్వలేదు.

మబ్బు విడిచాక తెరలు విప్పితే లోపలి నుంచి వెచ్చటి పులిసిన వాసన కొట్టింది. పాలిథిన్ లోపలి వైపంతా నీటి బొట్లు. కాయలు ఒకదానికొకటి అతుక్కున్నాయి. తొడిమల దగ్గర తెల్లగా బూజు.

"గాలి ఆడకుండా మూసిపెడితే ఉడికిపోదా?" ఎవరో అన్నారు. వీరరాఘవమ్మ గుప్పెడు కాయ తీసి రోహిణి చేతిలో పెట్టింది. "పోయిన ఏడు మీ అత్త. ఈ ఏడు నువ్వు. నాకు బుద్ధి రాలా."

హనుమాయమ్మ తన పట్టా తీసి చూసుకుంది. పైన కాయ బాగానే ఉంది. చెయ్యి లోపలికి పోనిస్తే అడుగంతా తడి. చెమ్మ నేలలో నుంచి ఎక్కింది. సగానికి సగం రంగు పోయింది.

మర్నాడు పొద్దున రోడ్డు మీద ఆడవాళ్ళు మాట్లాడుకుంటూ కళ్ళాలకు పోయారు. ఆ ఇంటి ముందుకు వచ్చేసరికి మాటలు ఆపారు. దాటాక మళ్ళీ మొదలుపెట్టారు. ఆ నిశ్శబ్దం హనుమాయమ్మకు బాగా తెలుసు.

లోపలి గదిలో రోహిణి ఫోనులో మాట్లాడుతోంది. "వద్దు సార్, ఇంకెవరినన్నా పెట్టుకోండి. నా మాట ఇక్కడ ఎవరూ వినరు సార్ ఇక." ఫోను పెట్టేసి గోడకు ఆనుకుని కింద కూర్చుంది.

హనుమాయమ్మ గడప దగ్గర చాలాసేపు నిలబడింది. కోడలికి తగిన శాస్తి అనుకుందామని చూసింది. అనుకోలేకపోయింది. లోపలికి వెళ్ళి మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కోడలి పక్కన చతికిలబడింది.

"అన్నం తిన్నావా?"

రోహిణి తల అడ్డంగా ఊపింది.

"నేనూ అప్పుడు తినలా. రాత్రి తిన్నానని అబద్ధం చెప్పా, మీరు నమ్మారు." కాళ్ళు చాపుకుని గోడకు ఆనుకుంది. "నేనూ ఇట్టనే కూర్చున్నానే. వంటింట్లో నీ గాజుల చప్పుడు వినపడేది. వచ్చి పక్కన కూర్చుంటావేమో, కనీసం తిడతావేమోనని చూసేదాన్ని."

రోహిణి మొహం చేతుల్లో దాచుకుంది. "కదిలిస్తే బాధపడతారనుకున్నానత్తయ్యా. నాకు చాతకాలేదు. టీ పెట్టి వెళ్ళిపోయేదాన్ని. మీరు తాగకుండానే అది చల్లారిపోయేది, చూసేదాన్ని కూడా. చూసి కూడా రాలేదు."

"నీ తప్పేముంది. నేను మటుకు ఎవరికి చెప్పా?" అంది హనుమాయమ్మ. "నాలుగైదేళ్ళ నుంచీ ఆ మబ్బు నాకు అర్థం కావట్లేదమ్మాయ్. తూరుపు గాలి తోలితే వాన అనుకుంటే ఎండ కాసేది. అయినా పొద్దున్నే వచ్చి అడిగేవాళ్ళు. తెలవదంటే రేపటి నుంచి రారేమోనని ఏదో ఒకటి చెప్పేదాన్ని. ఇంతమంది మధ్య ఉండి, లోపల ఒక్కదాన్నే భయపడతా ఉండేదాన్ని."

రోహిణి చేతులు తీసి అత్తగారి మొహం చూసింది. ఏడాదిగా అంత దగ్గర నుంచి చూడలేదు. ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చింది. హనుమాయమ్మ ఊరుకోమనలేదు. తనూ కొంగు కళ్ళకు అద్దుకుంది.

ఏడుపు తగ్గాక, "లే" అంది. "బూజు కాయ మంచి కాయలో కలిస్తే అంతా పోద్ది. ఏరదాం పద."

ఇద్దరూ గుడారం దగ్గరకు వెళ్ళేసరికి వీరరాఘవమ్మ తట్టలు దించుతోంది. వీళ్ళను చూసి మొహం తిప్పుకుంది. హనుమాయమ్మ ఆమె ఎదురుగా కూర్చుని తట్ట తన ముందుకు లాక్కుంది.

"అనాల్సింది ఉంటే నన్ననవే. దాన్ని వదిలెయ్యి. నేనప్పుడు చెప్పిందీ తప్పే, ఇదిప్పుడు చెప్పిందీ తప్పే. ఈ వానలు ఎవరికీ కొత్తే గదా."

వీరరాఘవమ్మ తన తట్టలో కాయ ఏరుతూనే ఉంది. చాలాసేపటికి ఏరిన మంచి కాయ హనుమాయమ్మ గంపలోనే పోసింది. "పోయిన ఏడు నేను నలుగుర్లో అట్టా అనాల్సింది కాదు వదినా" అంది, తల ఎత్తకుండానే.

ఫణీంద్ర ట్రాక్టరు మీద వచ్చి తల్లిని అక్కడ చూసి ఆగాడు. "మన కాయ కూడా ఇక్కడికే తేరా" అంది హనుమాయమ్మ. "మంచిది ఏరి తే. పలచగా పోద్దాం." అతను తల్లి దగ్గరకు వచ్చి ఆమె ముందున్న బరువు గంప ఎత్తి పక్కన పెట్టాడు. "ఎండలో కూర్చోబాకమ్మా" అని వెళ్ళాడు.

మిగతా ఆడవాళ్ళూ ఒక్కొక్కరే వచ్చి కలిశారు. సాయంత్రానికి తట్టలన్నీ పలచగా నిండాయి. పడమట సన్నగా మబ్బు లేచింది. ఆడవాళ్ళు చేతులాపి ఇటు తిరిగారు. ఎవరిని అడగాలో తెలియనట్టు అత్తాకోడళ్ళిద్దరినీ చూశారు.

"ఫోను ఏమంటందే?" హనుమాయమ్మ అడిగింది.

"పడొచ్చంట, పడకపోవచ్చంట. మీకేమనిపిస్తంది అత్తయ్యా?"

హనుమాయమ్మ మబ్బును కాసేపు చూసింది. "నాకు తెలవదు" అంది, అందరికీ వినపడేలా. "తెరలు దించి, కింద గాలాడేట్టు జానెడు ఎత్తి పెడదాం. వానొస్తే తడవదు, రాకపోతే ఉడకదు. ఇయ్యాల ఇక్కడే ఉండి చూసుకుందాం. నువ్వా కొస పట్టుకో."

రోహిణి అటు కొస పట్టుకుంది.