మూడో నీళ్లు

ట్యునీషియాలోని స్ఫాక్స్‌లో మా వీధి ఆడవాళ్లు పోతే నన్ను పిలుస్తారు. ఇరవై ఏళ్లుగా కడిగి సాగనంపుతున్నాను. మా ముస్లింలలో శవాన్ని కడగడం బేసి లెక్కలోనే. మొదటి రెండు నీళ్లు రేగాకుతో, మూడోది కర్పూరంతో. మూడు చాలకపోతే ఐదు. సరి లెక్కలో ఎవరినీ పంపకూడదు.

ఆ రోజు పోయిన సల్వాకి ముప్పై నాలుగేళ్లు. పొద్దున పది గంటలు. కిటికీలోంచి ఎండ పడుతోంది. పక్కగదిలో ఎవరో ఉల్లిపాయలు వేయిస్తున్నారు. ఏం జబ్బని అడిగాను. ఎక్కడైనా అడుగుతాను. ఆమె వదిన ఫౌజియా గుండె అంది.

మా అమ్మాయి నజ్లా నాకు తోడు. పని నేర్చుకుంటోంది. రెండో నీళ్లు అయ్యాయి. సల్వా చెయ్యెత్తి రుద్దుతూ నజ్లా ఉలిక్కిపడింది. ఆసుపత్రిలో పెట్టిన సూది ఎవరూ తియ్యలేదు, పట్టీ కింద అలాగే ఉంది. పల్చటి చేతి తొడుగు చిరిగి వేలి మీద నెత్తుటి బొట్టు.

ఫౌజియా గోడవైపు తిరిగింది.

"ఏం జబ్బు?" మళ్లీ అడిగాను.

ఈసారి చెప్పింది. హెచ్‌ఐవి.

నజ్లా వేలు కుళాయి కింద సబ్బుతో కడిగి, బండెక్కించి ఆసుపత్రికి లాక్కుపోయాను. మిగతాది తను చూసుకుంటానంది ఫౌజియా.

వేలి చివర గుచ్చి, ఒక చుక్క పరీక్ష పట్టీ మీద వేశారు. పావుగంట. ఒక గీతే వచ్చింది. రెండొస్తే రోగం. నజ్లా ఊపిరి వదిలింది. డాక్టరమ్మ నవ్వలేదు.

"ఈ గీత నిన్నటిదాకా నీ సంగతి చెప్తుందమ్మా. ఇవాళ్టి పోటు దీనికింకా తెలీదు. మూడు నెలలు నిండాక వచ్చే జవాబే జవాబు."

రోగం అంటకుండా ఇరవై ఎనిమిది రోజులకి మాత్రలిచ్చింది. ఒక్కపూటా తప్పొద్దంది. ఆమె అటు తిరగగానే ఆ పట్టీని రుమాల్లో చుట్టి తెచ్చి, ఇంట్లో డబ్బాలో దాచాను. మంచి మాట చెప్పింది గదా అని.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం. ఎడారి గాలి కొడుతోంది. ఆకాశం ఇటుక రంగు. తలుపులన్నీ మూసి పడుకున్నాం. మాత్రలు పడక నజ్లా మూలుగుతూ నిద్రపోయింది.

వాకిట్లో నీళ్లు పోసిన చప్పుడు. ఎత్తునుంచి, ఆగి ఆగి... శవానికి మేం పోసే పద్ధతిలో.

కాసేపటికి ఇంకోసారి.

తర్వాత ఏమీ లేదు. ఎవరో ఎదురుచూస్తున్నట్టు... అంతే.

తలుపు తీశాను. బండలు ఎండిపోయి ఉన్నాయి. నానిన రేగాకు వాసన. కర్పూరం లేదు.

ఎందుకో డబ్బా తీసి రుమాలు విప్పాను. పట్టీ మీద రెండు గీతలు.

చెప్పులు లేకుండా పరిగెత్తాను. డాక్టరమ్మ తిట్టింది. "ఇరవై నిమిషాలు దాటితే అది చెత్త, హదియా పిన్నీ. ఆ తర్వాత గీత గీసినా బొమ్మ గీసినా లెక్క లేదు. పారేసెయ్యి." పారేశానని అబద్ధం చెప్పి వచ్చాను.

రోజూ అదే. రెండుసార్లు నీళ్లు, ఆపైన ఆ ఎదురుచూపు.

నలభయ్యో రోజు పొద్దున నజ్లా మళ్లీ పరీక్ష చేయించుకుంది. ఒకటే గీత. ఇంక వెళ్లనంది.

"నలభయ్యో రోజుకి చచ్చినవాళ్లే వెళ్లిపోతారు. ఇది వెళ్లిపోదా అమ్మా?"

"నెత్తురికి మన నలభై తెలీదే. మూడు నెలలంటే మూడు నెలలే."

అదే రోజు సల్వా పేరున ఫౌజియా ఇంట్లో కుస్‌కుస్ భోజనం పెట్టారు. నేను కూర్చోగానే చాప మీద ఆడవాళ్లు దూరం జరిగారు. ఒకామె నాకు గిన్నె వేరే తెమ్మంది. పెద్ద పళ్లెంలోనే చెయ్యి పెట్టి కడుపునిండా తిన్నాను. లేచేటప్పుడు ఫౌజియాని గుమ్మం దగ్గర పట్టుకున్నాను.

"మూడో నీళ్లు ఎవరు పోశారు?"

"భయమేసింది పిన్నీ. అది పొయ్యకుండానే గుడ్డ చుట్టేశాం."

"ముందే చెప్పి ఉంటే..."

"చెప్తే వచ్చేదానివా?"

"వచ్చేదాన్ని. రెండు జతల మందం తొడుగులు వేసుకుని వచ్చేదాన్ని. నువ్వు సిగ్గుపడ్డది సల్వాని చూసి. దాన్ని చంపిన రోగం అదొక్కటే కాదు, ఈ సిగ్గు కూడా."

ఇంటికొచ్చి నీళ్లలో కర్పూరం కలిపాను. మధ్యాహ్నం చప్పుడు మొదలైంది. ఒకటి. రెండు. వాకిట్లోకి వెళ్లి నిలబడ్డాను.

"సల్వా, తప్పు నీది కాదు. నాదీ ఉంది, సగంలో వదిలేశాను. ఇదిగో నీది నువ్వు తీసుకో. నా పిల్ల జోలికి మాత్రం రాకు. ఇవ్వను."

పోశాను. బండల మీద నీళ్లు పారలేదు. ఎక్కడో ఇంకిపోయాయి.

మర్నాటినుంచి చప్పుడు లేదు.

మూడు నెలలు నిండాయి. పావుగంట నజ్లా చెయ్యి నా చేతిలోనే ఉంది. ఒకటే గీత. ఈసారి డాక్టరమ్మ నవ్వింది, ఇదే జవాబంది. నజ్లా దారంతా వాగుతూనే ఉంది. వచ్చే వారం నాతో పనికొస్తానంది. మందం తొడుగులు కొన్నాం.

ఇంటికొచ్చాక, పాత పట్టీ పారేద్దామని డబ్బా తీశాను. రుమాలు తడిగా ఉంది. రెండు గీతలకే చోటున్న పట్టీ మీద మూడు గీతలు.

సరే, మూడు. లెక్క సరిపోయింది అనుకున్నాను.

చూస్తుండగానే పక్కన నాలుగోది... గులాబీ రంగులో, మెల్లగా, తేలుతోంది.

నాలుగంటే సరి లెక్క. పొయ్యి మీద నీళ్లు పెట్టాను. ఐదో నీళ్లకి చెంబు వెతుక్కున్నాను.