ఒకటో కుర్చీ పోలికపూస

కూరల బజారు నుంచి తిన్నగా వచ్చిన మస్తానమ్మ, ఖాళీ గంపను రంగశాల గోడవారన బోర్లించి, కొంగుతో చెవి తుడుచుకుంది.

"ఇయ్యాల పగ తీర్చుకునే ఆటేగా? పోయినవారం నవ్వులాట ఏశారు. నవ్వటానికి ఇంత దూరం రావాలా?"

నీరజాక్షి ఆమె చెవిలో మిరియపు గింజంత పోలికపూసను అమర్చింది. "పగే పిన్నీ. ఆఖర్న నలుగురు చస్తారు."

"బతికించావు" అంటూ మస్తానమ్మ లోపలికి వెళ్లింది.

అది 2093. తెనాలిలో, ఐదు వందల ఏళ్ల కిందట మొదటి ఎలిజబెత్ రాణి ఏలుబడిలో రాసిన నాటకాలకు, మధ్యాహ్నం ఆటకే పన్నెండు వందల కుర్చీలూ నిండిపోతున్నాయి. నటులు ఆనాటి ఇంగ్లీషునే పలుకుతారు. పూస దాన్ని అనువదించదు. పుట్టగానే ప్రతి మనిషికీ చెవి వెనక అమర్చే జ్ఞాపకపేటికలోకి తొంగిచూసి, అతని బతుకులోంచే ఒక పోలిక తీసి చెబుతుంది. 'రాకుమారుడు ఆ తలుపు దగ్గర ఎందుకు ఆగాడంటావా? ఆవేళ నీ మరిది గుమ్మం దాకా వెళ్లి నువ్వెందుకు వెనక్కి తిరిగావో, అందుకే.' ఇక ఏ పండితుడూ విప్పి చెప్పక్కర్లేదు.

ఆ చెప్పే గొంతు ఒక ఆడమనిషిది. కాస్త వెక్కిరింపు, కాస్త జాలి కలిసిన గొంతు. ఆ గొంతు ఎవరిదని ఊళ్లో ఒక్కరూ అడగలేదు. అది నీరజాక్షి తల్లి ఇందుమతిది.

పూసలు రాకముందు ఇందుమతి ఇదే రంగశాలలో ముప్పై ఏళ్లు కథావివరణ చెప్పింది. ప్రతి రంగానికీ ముందు తెర ముందుకొచ్చి, ఆ రాజుల్నీ రాణుల్నీ మన వీధి మనుషుల్ని చేసి చూపించేది. జనం నాటకం కంటే ఆవిడకే ఎక్కువ చప్పట్లు కొట్టేవారు. ఎలా చెప్పాలో నలభై మూడు నోటు పుస్తకాల్లో రాసుకుని, బీరువాలో పెట్టి తాళం వేసుకునేది. పదకొండేళ్ల కిందట ఎవరో ఆ పుస్తకాల్నీ, ఆవిడ గొంతు రికార్డింగుల్నీ పూసలు చేసే సంస్థకు అప్పగించారు. ఇచ్చినవారి పేరు బయటపెట్టడం తమ నియమం కాదంది సంస్థ. మరుసటి నెల ఇందుమతిని ఇక రావద్దన్నారు. ఆవిడ మాట్లాడటం మానేసింది. రెండో ఏట కన్నుమూసింది.

ఇచ్చింది ఎవరో నీరజాక్షికి తెలుసు. అప్పటి రంగశాల కార్యదర్శి సుదర్శనరావు. మొదట అది అనుమానమే. తర్వాత ఆమె ఇక్కడే పూసలు శ్రుతి చేసే పనిలో చేరింది. ఆటకొక పూస పెట్టుకుని సరిచూడటం ఆమె ఉద్యోగం. 'ముద్రికాపహరణం' ఆడిన ప్రతిసారీ, స్నేహితుడి రాజముద్రిక దొంగిలించి అతన్ని చెరసాలలో చంపించిన మంత్రి రంగం మీదికి రాగానే, 'వీడే నీ సుదర్శనరావు' అని తల్లి గొంతు చెవిలో చెప్పేది. మూడు వందలసార్లు అదే మాట విన్నాక అనుమానానికి చోటెక్కడిది?

ఇన్నేళ్ల కొలువులో ఆమె ఒక సంగతి కనిపెట్టింది. జనం ఆనందించాలన్నది పూసకు పెట్టిన నియమం. అందుకని అది ప్రతివాణ్ణీ పగ తీర్చుకునేవాడితోనే పోలుస్తుంది. పన్నెండు వందల మందిలో హంతకుడితో పోల్చుకున్నవాడు ఏనాడూ ఒక్కడు లేడు. అన్నదమ్ముల నోట్లో మట్టి కొట్టినవాడూ ఇక్కడ కూర్చుని, తనకే అన్యాయం జరిగిందని ఏడ్చి, తేలిక పడి పోతాడు. నీరజాక్షికి ఒళ్లు మండేది.

ఈ రోజు ఆట ఆ 'ముద్రికాపహరణమే'. ముఖ్య అతిథి సుదర్శనరావు. అతనికి మొదటి వరసలో ఒకటో కుర్చీ. నీరజాక్షి పొద్దున్నే శ్రుతిగదిలో కూర్చుని ఆ ఒక్క పూసలో పోలికను తిరగేసింది. ఇప్పుడది పెట్టుకున్నవాణ్ణి హంతకుడితో పోలుస్తుంది. అతని జ్ఞాపకపేటికలోంచి అతను చేసిన పాపాన్నే తవ్వి తీసి, ఇందుమతి గొంతుతో అతనికే విప్పి చెబుతుంది. దాన్ని ఒకటో కుర్చీ చేతిమీద స్వయంగా పెట్టి వచ్చింది.

ఆట ముందు సన్మాన సభ మొదలైంది. సన్మానం జరుగుతుంటే రంగశాలలో పనిచేసే మనిషన్నవాడు హాల్లో ఉండడు. శాలువాలూ ఉపన్యాసాలూ అయ్యేదాకా అందరూ వెనక సందులో టీ తాగుతారు. అది తాతల నాటి అలవాటు. నీరజాక్షీ వెళ్లింది. మూడో గంట మోగాక శ్రుతిగదికి తిరిగొచ్చేసరికి హాల్లో దీపాలు ఆర్పేశారు.

ఆమె ముందున్న పలక మీద పన్నెండు వందల చుక్కలు. ఒక్కో చుక్కా ఒక్కో కుర్చీ పూస పెట్టుకున్నవాడి గుండె. మంత్రి ముద్రికను దొంగిలించగానే ఒకటో చుక్క ఎగిరిపడింది. చెరసాల రంగంలో కొట్టుకోవడం మరీ ఎక్కువైంది. ఒకసారి ఆగినట్టే ఆగి మళ్లీ మొదలైంది.

"విను, బాగా విను" అంది నీరజాక్షి పైకే. ఒక్క మీట నొక్కితే ఆ పూస మూగబోతుంది. ఆమె చేతులు కట్టుకుని కూర్చుంది. పదకొండేళ్లలో ఇంత హాయిగా ఆమె ఎప్పుడూ ఊపిరి పీల్చుకోలేదు.

ఆట అయిపోయింది. జనం కళ్లు తుడుచుకుంటూ ఇళ్లకు పోయారు. శ్రుతిగది తలుపు ఎవరో మెల్లగా తోశారు. సుదర్శనరావు కాళ్లమీద పడటానికే వచ్చాడనుకుంది.

వచ్చింది ఆమె తండ్రి విశ్వపతి. ఒకప్పుడు ఈ రంగశాలకే ప్రాంప్టరు. భుజాల మీద జరీ శాలువా, చెవిలో పూస.

"నాన్నా, ఆ శాలువా ఏమిటి?"

"సుదర్శనరావు కప్పాడమ్మా. వెనక నిలబడి చూద్దామని వచ్చాను. ముప్పై ఏళ్లు మాకు మాట అందించిన మనిషి నిలబడటమేమిటని, తన శాలువా తీసి నాకు కప్పి, తన కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆయనకి గుంటూర్లో ఇంకో సభ ఉందట, వెళ్లిపోయాడు."

నీరజాక్షి పలక వంక చూసింది. మిగతా చుక్కలన్నీ ఆరిపోయినా ఒకటో చుక్క ఇంకా కొట్టుకుంటూనే ఉంది.

"మీ అమ్మ మాట్లాడింది" అన్నాడు విశ్వపతి. "నన్ను మంత్రితో పోల్చింది. 'ముద్రిక ఎక్కడుందో మంత్రికి ఎలా తెలిసిందంటావా? బీరువా తాళంచెవి నా దిండు కింద ఉంటుందని నీకెలా తెలుసో, అలాగే' అంది."



"నేనే ఇచ్చాను తల్లీ. నేను తెర వెనక చీకట్లో నిలబడి మాట అందించాను. చప్పట్లన్నీ తెర ముందు ఆవిడకి. ఒక్కసారి ఆవిడా నాలాగా వెనక నిలబడి చూడాలనుకున్నాను. అంతే అనుకున్నాను. పోతుందనుకోలేదు."

"సుదర్శనరావు గారిని నేను తిట్టిన ప్రతిసారీ నువ్వు పక్కనే ఉన్నావు."

"ఉన్నాను."

"అవునమ్మా అన్నావు కూడా."

"అన్నాను."

తల్లి గొంతుతో పూస మూడు వందలసార్లు చెప్పింది తన అనుమానాన్నే అని నీరజాక్షికి అప్పుడు తెలిసింది. సిగ్గు, ఏడుపు, కోపం ఒక్కసారే వచ్చాయి. కోపమే నిలిచింది.

విశ్వపతి చెవిలోంచి పూస తీశాడు, కానీ ఇవ్వలేదు. గుప్పిట్లో పట్టుకుని నిలబడ్డాడు.

"పోలిక నువ్వే తిరగేశావని అర్థమైంది. మంచి పనే చేశావు. పోయేదాకా రెండేళ్లు నాతో ఒక్క మాట మాట్లాడలేదు మీ అమ్మ. తనకి తెలుసో తెలీదో కూడా నాకు చెప్పలేదు. ఇవాళ మూడు గంటలు తిట్టింది, నన్నే, పేరు పెట్టి. రేపూ ఆ కుర్చీయే ఇప్పించు నీరజా. రోజూ వచ్చి కూర్చుంటాను."

నీరజాక్షి చెయ్యి చాచింది. అతను ఆశగా పూసను ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె దాన్ని శ్రుతిపెట్టెలో ఉంచి, పోలికను మళ్లీ సరిచేసింది. తర్వాత మిగిలిన పూసలున్న పళ్లెంలో వేసి కలిపేసింది. ఏది ఏదో ఇక ఆమెకూ తెలియదు.

"రేపటి నుంచి నువ్వూ అందరితో పాటే కూర్చో నాన్నా" అంది. "నీకే అన్యాయం జరిగిందని చెబుతుంది. విని ఏడ్చి, ఇంటికి రా."