నీటిచుక్కని నొక్కితే

"నీళ్లు పోయడానికి కూడా నీ అనుమతి కావాలా?" అంటూ ఆమె ఫోన్‌ని అతని టేబుల్ మీద పడేసింది.

తెర మీద కుండీలో ఒక మొక్క, దాని పైన ఒక నీటిచుక్క. చుక్కని నొక్కితే నీళ్లు పడాలి, వాలిన ఆకులు లేవాలి. యాప్ అంతే. మొక్కలు కొన్నవాళ్లు నీళ్లు పోయడం మరిచిపోకుండా ఓ నర్సరీవాళ్లు చేయించుకుంటున్నారు. కానీ చుక్కని నొక్కగానే "నిజంగా నీళ్లు పోయాలా?" అని ఒక పెట్టె ప్రత్యక్షమవుతోంది. అవునంటే "మరోసారి ఆలోచించుకున్నారా?" అని ఇంకో పెట్టె.

"పొరపాటున వేలు తగిలితేనో?" అతను నీళ్లు నమిలాడు.

"తగిలితే బొమ్మ మొక్క తడుస్తుంది. కొంపలేం మునగవు."

"మీరన్నది నిజమే అనుకోండి. కాకపోతే..."

"అనుకోవడమేంటి? నిజమే."

యాప్ రాసేది అతను. రాసినదాంట్లో తప్పులు పట్టేది ఆమె. ఆఫీసులో అతని పేరు నాన్చుడు, ఆమె పేరు పుల్లవిరుపు. ఏడాదిగా పక్కపక్క కుర్చీలే అయినా అయ్యగారు ఇంకా "మీరు" దగ్గరే ఉన్నారు. కాఫీ మెషీన్ ముందు స్ట్రాంగో లైటో తేల్చుకోలేక వెనకున్నవాళ్లని చంపుకు తింటాడు. దొంగచాటుగా ఆమెని చూస్తాడు, ఆమె తలెత్తగానే కీబోర్డులోకి దూరిపోతాడు. వాన పడితే గొడుగు పట్టుకుని గుమ్మం దాకా వస్తాడు, "మీకు..." అంటాడు, "ఏం లేదులెండి" అని వెళ్లిపోతాడు. గొడుగు కూడా పట్టుకుపోతాడు. ఇలాంటి మనిషి మీద మనసు పడినందుకు ఆమెకి తన మీద తనకే ఒళ్లు మండేది.

పైగా టైము లేదు. వేరే ఊళ్లో మంచి ఉద్యోగం వచ్చింది, సోమవారం చేరాలి. రేపు ఈ యాప్‌ని నర్సరీ ఆవిడకి చూపించడమే ఇక్కడ ఆఖరి పని. ఆలోగా ఈ మహానుభావుడు నోరు విప్పకపోతే ఇక ఈ జన్మకి విప్పడు.

"నువ్వే అడిగెయ్యవే," అంది అక్క ఫోన్లో.

"ఏమని? నిజంగా నేనంటే ఇష్టమా అని ఒక పెట్టె పెట్టి అడగనా? చచ్చినా అడగను."

ఆ మంటంతా అతని మీదే చూపించింది. "ఆ పెట్టెలు తీసెయ్. ఒక్కటి కూడా ఉండకూడదు. బతుకులో ఒక్క పనైనా అడక్కుండా చెయ్యి."

ఈసారి అతను కీబోర్డులోకి దూరలేదు. ఆమె మొహంలోకి సూటిగా చూసి, "సరే," అన్నాడు.

మర్నాడు నర్సరీ పెద్దావిడ చుక్కని నొక్కింది. నీళ్లు పడ్డాయి, ఆకులు లేచాయి. ఆవిడ మురిసిపోయి మళ్లీ నొక్కింది. మళ్లీ, మళ్లీ, టకటకా నొక్కుతూనే పోయింది. ఆకులు పసుపెక్కాయి, వేలాడాయి, మొక్క కుండీలో కూలబడింది.

"ఇదేంటి, చచ్చిపోయింది? బతికించండి."

బతికించే దారి అందులో లేదు. తప్పులు పట్టడమే బతుకుతెరువైన తను, నిన్న పెట్టెలు పోయాయా లేదా అని ఒక్కసారి నొక్కి చూసుకుని గొప్పగా ఇంటికి వెళ్లిపోయింది. ఇంత బోడి పని చేసి నిన్నంతా ఎవరిని వెక్కిరించినట్టు, అనుకుందామె.

మేనేజర్ గుర్రుగా చూశాడు. "ఆ పెట్టెలు ఎవరు తీసెయ్యమన్నారు?"

"నేనే తీశానండి," అన్నాడు అతను తడుముకోకుండా.

"అబద్ధం. తీయించింది నేను. సరిగ్గా టెస్ట్ చెయ్యనిదీ నేనే," అందామె.

పెద్దావిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఎవరు చంపితే నాకేం గానీ, సాయంత్రానికి బతికించి పంపండి," అని లేచింది.

ఇద్దరూ ఒకే తెర ముందు కూర్చున్నారు.

"పెట్టెలు మళ్లీ పెట్టావంటే ఈ ఫోన్ కిటికీలోంచి పారేస్తా."

"పెట్టను. ముందు పోయనిద్దాం. ఎక్కువైతే 'వెనక్కి' అని ఒక బటన్. నొక్కితే పోసిన నీళ్లు మళ్లీ చుక్కలోకి వెళ్లిపోతాయి."

ఆమెకి తిట్టడానికి ఏమీ దొరకలేదు. "బాగానే ఉంది," అంది ముభావంగా. ఏడాదిలో ఆమె అతన్ని మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఈసారి ఆ మొక్కని ఓపిగ్గా చంపింది, బతికించింది, మళ్లీ చంపింది. ఎక్కడా తప్పు దొరక్కపోయేసరికి యాప్ పంపించేసి బ్యాగు సర్దుకుంది.

బయట వాన. అతను గొడుగు పట్టుకుని గుమ్మం దాకా వచ్చాడు. ఆమె పళ్లు బిగించింది. ఇప్పుడు "మీకు" అంటాడు, "ఏం లేదులెండి" అంటాడు.

"నువ్వంటే నాకు చాలా ఇష్టం," అన్నాడు. "నువ్వెళ్లే ఊరికి రైలుంది, వారం వారం వస్తాను. పెళ్లి చేసుకుందాం."

ఒక్క "కాకపోతే" కూడా లేదు. సంతోషం బయటపడకుండా ఆమె మూతి విరిచింది.

"మరోసారి ఆలోచించుకున్నావా?"

"ఏడాదిగా అదే పని."

"దీనికి వెనక్కి బటన్ ఉండదు, తెలుసా?"

"తెలుసు. అడిగినా పెట్టను."

అతని చేతిలో గొడుగు ఇంకా మూసే ఉంది. "అది తెరవడానికి ఇంకో ఏడాది కావాలా?" అని ఆమె దాన్ని లాక్కుని తెరిచింది. "నడు. మా అక్కకి నువ్వే చెప్పాలి."

అతను అడక్కుండానే గొడుగు కిందకి వచ్చేశాడు.