సెట్టింగులు ఎవరు మార్చారు?

"మేడం, జర ఆగున్రి! నా తెలుగు ఏడ పెట్టిన్రు?"

బ్యాగు భుజాన వేసుకుని మెట్ల దాకా వెళ్లిన బిందుమాధవి వెనక్కి తిరిగింది.

"మీ తెలుగు నా దగ్గరెందుకుంటుందండీ?"

"కీబోర్డు మొత్తం ఇంగ్లిష్‌ల కొడ్తున్నది. పొద్దుగాల్ల కూసున్నది మీరే గదా?"

"కూర్చున్నాను, టైపు చేశాను, సేవ్ చేశాను. మీ కీబోర్డు జోలికి వెళ్లలేదు."

టకటకా మెట్లు దిగి వెళ్లిపోయింది. సైదులు కాసేపు ఆ మెట్లకేసే చూసి, తల గోక్కుంటూ కుర్చీలో కూలబడ్డాడు.

దిల్‌సుఖ్‌నగర్‌లో రామమోహనరావు గారి కోచింగ్ సెంటరది. మోడల్ పేపర్లు తయారుచేసేందుకు ఉన్నది ఒక్కటే కంప్యూటర్. పొద్దుటి షిఫ్టు బిందుది, మధ్యాహ్నం నుంచి సైదులుది. బిందు వాళ్లు గుంటూరు నుంచి వచ్చి ఎల్బీ నగర్‌లో స్థిరపడ్డారు. సైదులు వాళ్లు నల్గొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి అల్మాస్‌గూడలో ఉంటున్నారు. అతను ఉద్యోగంలో చేరి వారం కూడా కాలేదు.

కొన్నాళ్లకు బిందు వంతు వచ్చింది. పొద్దున్నే వచ్చి చూస్తే తెర మీద అక్షరాలు సినిమా పోస్టరంత ఉన్నాయి. ఆమె ఏరికోరి పెట్టుకున్న లేతరంగు పోయి, కళ్లలో టార్చి కొట్టినట్టు తెల్లటి వెలుగు. ఆ రోజు మధ్యాహ్నం ఇంటికి వెళ్లకుండా సైదులు కోసం కాచుకుని కూర్చుంది.

"కళ్లు కనిపించకపోతే అద్దాలు పెట్టుకోవాలి గానీ, అక్షరాలు అంతంత చేస్తారా?"

"నా కండ్లు మంచిగనే ఉన్నయ్ మేడం. మీరు ఎంత గుస్సాగ చూస్తున్నరో సాఫ్ కనిపిస్తున్నది."

బిందుకు నవ్వు రాబోయింది. పెదవి బిగబట్టి ఆపేసింది.

అలా ఎన్ని గొడవలో. ప్రింటర్ మారిందని ఒకరు, ఫాంటు పోయిందని ఒకరు. ఇద్దరిలో ఏ ఒక్కరూ తప్పు ఒప్పుకోలేదు. ఒప్పుకోవడానికి తప్పుండాలి కదా!

ఒకరోజు బిందు బయల్దేరేసరికి కుండపోత వాన. గుమ్మం దగ్గర నిలబడి చూస్తుంటే సైదులు పైనుంచి గొడుగు తెచ్చి చేతికిచ్చాడు.

"నిన్నటి గొడవ మర్చిపోయారా?" అంది బిందు అనుమానంగా.

"గొడవ గొడవే, వాన వానే. పట్టుకపోన్రి."

ఎల్బీ నగర్ దాకా బస్సులో ఆ మాటే గుర్తొచ్చి నవ్వుకుంది. ఇంత మంచివాడు నా సెట్టింగుల మీద ఎందుకు పగబట్టాడబ్బా అనుకుంది.

ఆ తర్వాతి ఆదివారమే పెద్ద గొడవ జరిగింది.

గ్రాండ్ టెస్టు. హాలు నిండా పిల్లలు. పేపర్లు పంచగానే గగ్గోలు మొదలైంది. ప్రతి పేజీలోనూ చివరి ప్రశ్నకు మూడే జవాబులున్నాయి. నాలుగోది అడుగున కోసుకుపోయింది. ప్రింటర్‌లో కాగితం సైజు మారిపోయిందన్నమాట. టెస్టు రద్దయింది. పిల్లల తండ్రులు ఫోన్ల మీద ఫోన్లు చేశారు.

రామమోహనరావు గారు ఇద్దరినీ గదిలోకి పిలిచారు. "ఎవరు చేశారిది?"

"నేను టైపు చేసి, సైజు చూసే వెళ్లాను సార్," అంది బిందు. "ప్రింటు తీసింది ఆయన. ఆయనొచ్చినప్పట్నుంచీ సెట్టింగులు మారుతూనే ఉన్నాయి."

సైదులు ఆమె వంక చూశాడు. ఆ చూపులో కోపం లేదు, నొప్పి ఉంది.

"అర్జెంటని ప్రింటు తీసిన సార్. ఒక్క పేజీ తీసి చూస్కోకపోవుడు నా తప్పే. గని సైజు నేను ముట్టలే."

"రేపట్నుంచి రానక్కర్లేదయ్యా," అన్నారాయన.

బిందు కోరుకున్నది తిట్లు, మహా అయితే ఒక వార్నింగ్. సైదులు మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఇక రెండు షిఫ్టులూ ఆమెకే పడ్డాయి. దెబ్బలాడటానికి మనిషి లేక మధ్యాహ్నాలు చప్పగా గడిచేవి. ఒకరోజు కంప్యూటర్ ముందే టిఫిన్ బాక్సు తెరిచి అన్నం కలుపుకుంటోంది. ఉన్నట్టుండి తెర నల్లబడింది. దాని మీద తెల్లటి సున్నా గిరగిరా తిరగసాగింది. కింద ఒక వాక్యం: 'అప్‌డేట్లు జరుగుతున్నాయి. కంప్యూటర్ ఆపవద్దు.'

చెయ్యి కడుక్కుని వచ్చేసరికి కంప్యూటర్ దానంతటదే లేచి కూర్చుంది. బిందు కీబోర్డు నొక్కి చూసింది. ఇంగ్లిష్. అక్షరాలు పోస్టరంత. ప్రింటర్ సెట్టింగు తెరిచింది. కాగితం సైజు మారిపోయి ఉంది.

గదిలో ఆమె తప్ప ఎవరూ లేరు.

సగం తిన్న బాక్సు అలాగే వదిలేసి రామమోహనరావు గారి గదికి పరిగెత్తింది. ఆయన వచ్చి చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"అనవసరంగా ఆ కుర్రాణ్ని తీసేశాను. ఫోన్ చెయ్యమ్మా, రమ్మను."

సైదులు ఫోన్ ఎత్తలేదు. ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. ఆఫీసులో అడ్రసు కనుక్కుని అల్మాస్‌గూడకు ఆటో ఎక్కింది బిందు. దారిలో వాన పట్టుకుంది. ఆ ఇల్లు వెతుక్కునేసరికి నిలువునా తడిసిపోయింది.

తలుపు తీసింది సైదులు తల్లి అండాలమ్మ. బిందు పేరు చెప్పగానే ఎగాదిగా చూసి, లోపలికి లాగి, తువ్వాలు చేతిలో పెట్టింది.

"నువ్వేనా బిడ్డా గా బిందు మేడం? మావోడు అన్నం తినుకుంట రోజు నీ ముచ్చటే చెప్తుండె."

"తిట్టేవారా?"

"తిట్టుడా? 'అమ్మా, గామె టైపు చేస్తే ఒక్క తప్పుండదే' అంటుండె. గిప్పుడు నీ పేరెత్తితే పళ్లెం పక్కకు జరుపుతున్నడు."

బిందు తువ్వాల్లో ముఖం దాచుకుంది. తుడుచుకుంటున్నది వాన నీళ్లొక్కటే కాదు.

బయటినుంచి వచ్చిన సైదులు ఆమెను చూసి గడప దగ్గరే ఆగిపోయాడు.

"మీరేంది, గీడ?"

"తప్పంతా నాదే," గబగబా అనేసింది బిందు. "కంప్యూటర్ దానంతటదే అప్‌డేట్ అయి అన్నీ మార్చేస్తోందండీ. మనం కీబోర్డు వదిలిన టైమ్ చూసి మరీ చేస్తోంది. మిమ్మల్ని అడక్కుండా, ఆలోచించకుండా సార్‌తో చెప్పాను. సారీ."

అతను ఆమె తడిసిన బట్టల కేసి చూశాడు.

"సారీ చెప్తందుకు గీ వానల గింత దూరమొచ్చిన్రా?"

"ఫోనెత్తితే రాకపోదును."

సైదులుకు నవ్వాగలేదు. వెనక నుంచి అండాలమ్మ కూడా నవ్వింది. చాయ్ తాగాక అతనే బస్టాపు దాకా వచ్చి ఆమెను బస్సెక్కించాడు.

మర్నాడే అతను ఉద్యోగంలోకి తిరిగొచ్చాడు. ఇద్దరూ కలిసి కుస్తీ పట్టినా అప్‌డేట్లు పూర్తిగా ఆపడం కుదరలేదు. పనివేళల్లో రాకుండా చేయగలిగారంతే. అప్‌డేట్ వచ్చిన మర్నాడు మాత్రం అన్నీ మళ్లీ సరిచేసుకోక తప్పేది కాదు. ఆ రోజుల్లో సైదులు మధ్యాహ్నం దాకా ఆగకుండా పొద్దున్నే వచ్చేవాడు. ఆమె ఫాంటు చూస్తే అతను ప్రింటర్ చూసేవాడు. తర్వాత ఇద్దరూ కింద బండి దగ్గర చాయ్ తాగేవారు. ఆమె 'ఏంటండీ' అంటే అతను 'ఏందండీ' అని ఏడిపించేవాడు.

ఒకరోజు అతను పొద్దున్నే ఊడిపడ్డాడు. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల.

"అప్‌డేట్ రాలేదే?" అంది బిందు.

"రాలే."

"అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చూసుకోండి."

"ఎరికే."

"మరెందుకొచ్చారు?"

సైదులు ప్రింటర్ కేసి చూశాడు, కిటికీ కేసి చూశాడు, చివరికి ఆమె కేసి చూశాడు.

"నీ కోసమే ఒచ్చిన బిందూ."

మొదటిసారి 'మేడం' అనలేదు. బిందు తల వంచుకుని, లేని ప్రశ్నకు నంబరు కొట్టింది.

"ఇన్నాళ్లా ఆ మాట చెప్పడానికి?" అంది మెల్లగా. "ఈసారి మా ఇంటికి రండి. నాన్నగారితో మాట్లాడాలి."

బిందు తండ్రి సాంబమూర్తి పెద్దగా మాట్లాడే మనిషి కాదు. తల్లి కృష్ణకుమారి మాత్రం విషయం తెలిసిన రాత్రంతా నిద్రపోలేదు. "మనవైపు కాదు, మాట వేరు, పద్ధతి వేరు. రేపు నువ్వు సర్దుకోగలవటే?" అంటూ కూతుర్ని ఎన్నో అడిగింది. అయినా అండాలమ్మా, కొడుకూ వచ్చిన రోజున ఇంట్లో ఉన్న పచ్చళ్లన్నీ బయటికి తీసింది.

సైదులు గోంగూర కలిపి తొలి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. కళ్ల నిండా నీళ్లు. అయినా మాట్లాడకుండా ముద్ద మీద ముద్ద మింగుతున్నాడు.

"ఒదినా," అంది అండాలమ్మ, "మావోనికి కారం అస్సలు పడదు. కాదని చెప్పుడేమో శాతగాదు."

కృష్ణకుమారి కంగారుగా అతని వంక చూసింది. కారిపోతున్న కళ్లతోనే అతను "మంచిగుంది అత్తమ్మా" అంటున్నాడు.

"అయ్యో అయ్యో," అంటూ ఆవిడ వంటింటివైపు కేక పెట్టింది. "బిందూ, గబగబా పెరుగు పట్రావే, అల్లుడికి నోరు మండిపోతోంది!"

అన్నాక గానీ తానేమన్నదో ఆవిడకు తెలియలేదు. సాంబమూర్తి గారు తినడం ఆపి భార్యకేసి చూశారు. ఆవిడ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పెరుగు గిన్నెతో గుమ్మంలోకి వచ్చిన బిందు అక్కడే నిలబడిపోయింది.

"నిలబడ్డావేంటమ్మా?" అన్నారు సాంబమూర్తి గారు. "మీ అమ్మ చెప్పింది కదా, వడ్డించు."