పాదం గుర్తున్న అరిసె

కందరపురం రాజ్యంలో మూడేళ్ళుగా ఒక్క పాలపన్నూ ఊడలేదు. ఉయ్యాలలో ఉన్నవాళ్ళు ఉయ్యాలలోనే ఉన్నారు, పాకేవాళ్ళు పాకుతూనే ఉన్నారు. ముందుచూపుతో కుట్టించిన పెద్ద చొక్కాలు పెట్టెల్లో మగ్గిపోయాయి. తల్లులు మొదట ముచ్చటపడ్డారు, తర్వాత బెంగపడ్డారు, చివరికి మోసి మోసి చంకలు పీకేసి ఏడ్చారు.

ఇదంతా మహారాణి కనకాంగి చేసిన పొరపాటు. బిడ్డ తొలి అడుగులు వేసేటప్పుడు నేలమీద అరిసెలు పరిచి, వాటిమీద నడిపించి, ఊరంతా పంచిపెట్టడం ఆ దేశాచారం. రాకుమారుడు మొదటి అరిసెమీద కాలు మోపగానే రాణి వాణ్ణి ఎత్తేసుకుంది. ఇవాళ ఒడి దిగినవాడు రేపు కోట దాటతాడని భయపడి, అరిసెలు పంచకుండా వెండిపెట్టెలో దాచేసింది. ఆ పెట్టెను మంచుకొండ యక్షిణికి పంపి, తన బిడ్డ ఇలాగే ఉండిపోవాలని మొక్కుకుంది. యక్షిణి మొక్కు తీర్చింది. కాకపోతే ఒక్క బిడ్డను ఏరి ఆపడం ఆమెకు చేతకాదు. దేశంలో పాలపళ్ళు ఊడని పిల్లలందరూ ఆగిపోయారు.

ఇప్పుడు రాణికి బుద్ధి వచ్చింది. పెట్టె తెరిచి వచ్చినవాళ్ళకు అర్ధరాజ్యమని చాటింపు వేయించింది. కత్తులు దూసుకుని వెళ్ళిన వీరులూ, తెలివిని నమ్ముకుని వెళ్ళిన పండితులూ తోక ముడిచి తిరిగొచ్చారు.

అడవి అంచున కట్టెలు కొట్టుకుని బతికే అంకాలుకు అర్ధరాజ్యం అక్కర్లేదు. ఆమెకు తమ్ముడి ఒక్క అడుగు కావాలి. అమ్మానాన్నలు ఒకే జ్వరంతో పోయేనాటికి నాగులు చంటివాడు. పాలు పట్టి, జోలపాడి, వాణ్ణి గోడ పట్టుకుని నిలబడేదాకా తెచ్చింది. సరిగ్గా అక్కడే ఆగిపోయాడు. మూడేళ్ళుగా రోజూ పొద్దున్నే ఎదురుగా కూర్చుని చేతులు చాచేది. "రా నాయనా, ఒక్క అడుగు. అక్క దగ్గరికి రా." వాడు ఒక పాదం ఎత్తేవాడు, నవ్వేవాడు, చతికిలబడేవాడు. పదిహేడేళ్ళ పిల్లకు లోకంలో ఆ నవ్వు తప్ప మరేమీ లేదు.

వాణ్ణి పక్కింటి పోతవ్వకు అప్పగించి, గొడ్డలి భుజాన వేసుకుని ఒంటరిగా బయలుదేరింది. ఆ అడవిలో రోజులు గడిచినా మనిషి మాట వినబడదు. చంక ఖాళీగా ఉంటే నడక కూడా తిన్నగా సాగలేదు. అలవాటుకొద్దీ ఒక పక్కకు ఒరిగి నడిచేది.

ముప్ఫయ్యోనాడు ఒక లోయలో కొండంత రాక్షసుడు అడ్డుపడ్డాడు. "ఎవతివే నువ్వు? నమిలి మింగేస్తా!" అని గర్జించాడు. వాడి నోట్లోంచి చొంగ వాగులా కారుతోంది.

అంకాలు వాణ్ణి ఎగాదిగా చూసింది. "మింగుదువుగాని. ముందు నోరు తెరు. ఆ ఎడం దవడ అట్టా వాచిందేంది?"

రాక్షసుడు తెల్లబోయి నోరు తెరిచాడు.

"వెనకాల కొత్త పన్ను పొడుచుకొస్తంది. చిగురు సలుపుతంది గదూ? మావాడూ ఇంతే, నా భుజమంతా కొరికి పెట్టాడు." లేత తాటిమొద్దు ఒకటి నరికి, ఏటినీళ్ళలో చల్లబరిచి వాడి చేతికిచ్చింది. రాక్షసుడు అది కొరుకుతూ, వెక్కుతూ, ఆమె కాళ్ళ దగ్గర తల పెట్టుకున్నాడు.

"కత్తితో పొడిచినోళ్ళేగానీ, ఎందుకరుస్తున్నావని అడిగినోళ్ళు లేరక్కా" అన్నాడు. ఆ తర్వాత లోయంతా భుజాన మోసి దాటించాడు.

అవతల మంచుకొండ మొదట్లో మాట్లాడే రాతితలుపు ఉంది. "ఎందుకొచ్చావు?" అని అడిగింది.

"తమ్ముడికోసం."

"ఎందుకు?"

"వాడు నడవాల గనక."

"ఎందుకు?"

రాక్షసుడి కన్నుగప్పి లోయ దాటిన పండితులంతా ఇక్కడే విసిగి వెనక్కి పోయారు. అంకాలు మాత్రం చెట్టుకింద చతికిలబడింది. వాన ఎందుకు కురుస్తుంది, చీమలు వరసగా ఎందుకు పోతాయి, కాకి నల్లగా ఎందుకుంది, అన్నిటికీ తెలిసింది చెప్పింది, తెలియంది కల్పించింది. నాగులు ఎదిగి ఉంటే ఈపాటికి ఇవన్నీ అడిగేవాడే కదా అనుకుంది. చెబుతూ చెబుతూనే కళ్ళు తుడుచుకుంది. మధ్యాహ్నానికి తలుపు ఆవలించి, బార్లా తెరుచుకుని నిద్రపోయింది.

శిఖరంమీద యక్షిణి వెండిపెట్టెను ఒళ్ళో పెట్టుకుని ఊపుతోంది.

"తీసుకో పిల్లా. మూత తెరిస్తే చాలు. కానీ ఈ కొండమీదనే తెరవాలి. తెరిచిన క్షణంనుంచి మూడేళ్ళ ఎదుగుదల దేశంలోని పిల్లల్ని కొద్దిరోజుల్లోనే అందుకుంటుంది. నీ తమ్ముడు ఎత్తిన పాదం మూత తీయగానే దించుతాడు."

అంకాలు చెయ్యి ఆగింది. ఇల్లు నలభైరోజుల దూరం. మూడేళ్ళు కాచుకున్న అడుగు తను లేకుండానే పడిపోతుంది.

"నీకు ఇంకెవరున్నారు?" యక్షిణి మెల్లగా అడిగింది.

"ఎవరూ లేరమ్మా."

"అయితే మూసి ఉంచు. ఎప్పుడు వెళ్ళినా నీకోసమే చేతులు చాపుతాడు. ఎదిగితే గొడ్డలి పట్టుకుని తన దారిన పోతాడు. నువ్వు గుమ్మంలో మిగిలిపోతావు."

అంకాలుకు ఆశ పుట్టలేదంటే అబద్ధం. రాణిని తిట్టుకున్నదంతా ఇప్పుడు గుర్తొచ్చింది. "పడిపోయినా నవ్వేవాడమ్మా, మళ్ళీ లేచేవాడు" అంది చివరికి. "మూడేళ్ళయినా ఆడికి ఇసుగు రాలేదు. నేనెట్టా ఆపేది?"

మూత తీసింది. బెల్లం వాసన గుప్పుమంది. అరిసెలు పొడై గాలిలో కలిసిపోయాయి.

తిరుగుదారిలో ఖాళీపెట్టెను కోటలో అప్పగించింది. రాకుమారుడు రాణి వేలు విదిలించుకుని తోటలోకి పరిగెత్తుతున్నాడు. రాణి ఏడుస్తూ నవ్వుతూ అర్ధరాజ్యం ఇవ్వబోయింది. అంకాలు వద్దంది. దేశంలో ఏ ఇంట తొలి అడుగు పడినా అరిసెలకు బియ్యం, బెల్లం కోటనుంచి పంపమని మాత్రం అడిగింది. అది ఈనాటికీ జరుగుతోందట.

ఇంటిముందు ఒక పిల్లవాడు కోడిపుంజు వెంట పడి పరిగెత్తుతున్నాడు. అంకాలును చూసి ఆగి, పోతవ్వ కొంగు వెనక దాక్కున్నాడు. కొండ ఎక్కినప్పుడు కూడా ఆమెకు అంత నీరసం రాలేదు.

"కొత్త చేశాడులే" అంది పోతవ్వ. "ఆరోజు ఈడు అడుగెయ్యబోతే గబుక్కున చంకనేసుకున్నా. బియ్యం నానబోసి, దంచి, అరిసెలొండేదాకా రెండ్రోజులు దించితే ఒట్టు! నడుం ఇరిగిపోయిందనుకో. ఇదిగో, నువ్వు లేవు గదాని ఒకటి దాచా."

కుండలోంచి ఒక గట్టిపడ్డ అరిసె తీసి ఇచ్చింది. దానిమీద చిన్న మడమ గుర్తు, అయిదు వేళ్ళ గుర్తులు ఉన్నాయి. అంకాలు దాన్ని నేలమీద పెట్టింది. మూడేళ్ళూ కూర్చున్నట్టే ఎదురుగా కూర్చుని చేతులు చాచింది.

"రా నాయనా. ఒక్క అడుగు."

నాగులు ఆ చేతులవంక చూశాడు. ఏదో గుర్తొచ్చినట్టు కొంగు వదిలి వచ్చి, అరిసెమీద కాలు పెట్టాడు. ఆ పాదం అప్పటికే ఆ గుర్తులో పట్టలేదు. అంకాలు వాణ్ణి ఒళ్ళోకి లాక్కుని భోరున ఏడ్చింది.

వాడు ఆమె చెంప తడిమి చూశాడు. "ఎందుకక్కా?" అన్నాడు.

రాతితలుపుకు పూటంతా జవాబులు చెప్పిన పిల్ల, ఈసారి ఆ అరిసె అంచు విరిచి వాడి నోట్లో పెట్టింది.